డిస్కు పోయినా దస్త్రం మిగలాలంటే

హైదరాబాద్ మణికొండ నుంచి కొద్ది కిలోమీటర్లు వెళ్తే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ప్రాంగణం. పాత తెలుగు పుస్తకాల కోసం ఇంటర్నెట్‌లో గాలించే అలవాటున్నవాళ్లకు ఆ పేరు వినగానే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా గుర్తొస్తుంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి చొరవతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, బెంగళూరు ఐఐఎస్సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు కలిసి పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే పని తలపెట్టాయి. 2003లో డీఎల్ఐ పోర్టల్ మొదలైంది. 2007 నాటికి భారత్, చైనా, ఈజిప్టు, అమెరికా కేంద్రాలన్నీ కలిపి 15 లక్షల పుస్తకాల మైలురాయి అందుకున్నాయి. వాటిలో తెలుగువి వేలల్లో ఉన్నాయి. పేజీకొక టిఫ్ ఫైలు, 600 డీపీఐ స్పష్టత. అప్పటి డిస్కుల ధరలతో పోల్చుకుంటే అది మోయలేని బరువు.

ఆ సర్వర్లు ఒక్కోసారి పలికేవి, ఒక్కోసారి పలికేవి కావు. 2017 ప్రాంతంలో సైటు మూతపడింది. దాదాపు అదే కాలంలో కార్ల్ మలముద్ నడిపే పబ్లిక్ రిసోర్స్ సంస్థ అక్కడి నుంచి నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చింది. ఇవాళ మనం ‘డీఎల్ఐ పుస్తకం’ అని దింపుకునేది చాలావరకు ఆ రెండో కాపీనే.

నెట్‌వర్క్ స్టోరేజ్ (నాస్) సర్వర్ల మీద మాట సాగితే చాలు, ఏ డిస్కు కొనాలి, ఏ రెయిడ్ పెట్టాలి, ఏ సాఫ్ట్‌వేర్ వెయ్యాలి అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. అవి ముఖ్యమే, వాటి సంగతి ఈ వ్యాసంలో వివరంగా చూద్దాం. కానీ డీఎల్ఐ పుస్తకాలు మిగలడానికి కారణాలు వేరు: ఫైళ్లు ఏ ప్రోగ్రామైనా తెరవగల రూపంలో ఉన్నాయి, బయటివాళ్లు ఒక్కొక్కటిగా తీసుకోగలిగారు, తీసుకుని ఇంకో ఖండంలో పెట్టారు. నా దృష్టిలో నమ్మదగిన సర్వర్‌కు మూడు గుణాలు ఉండాలి. తన దగ్గరున్నది పాడైతే తానే చెప్పాలి. అది మొత్తంగా కాలిపోయినా మరోచోట కాపీ ఉండాలి. దాన్ని కట్టిన మనిషి లేకపోయినా వేరొకరు తెరవగలగాలి. ఓపెన్ సోర్స్ ఎక్కువ మేలు చేసేది ఈ మూడోదానికి. తక్కువమంది పట్టించుకునేదీ అదే.

డిస్కుల సంగతి

1988లో బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ రాసిన పత్రం రెయిడ్‌కు పునాది వేసింది. చవక డిస్కులు కొన్నిటిని కలిపి, ఒకటి పోయినా నడిచేలా చెయ్యవచ్చన్నది దాని సారం. దాదాపు రెండు దశాబ్దాల తర్వాత, 2007లో, అదే గిబ్సన్ బియాంకా ష్రోడర్‌తో కలిసి సుమారు లక్ష డిస్కుల రికార్డులు తిరగేశారు. కంపెనీల కాగితాల ప్రకారం ఏడాదికి 0.88 శాతానికి మించి పోకూడదు. వాస్తవంలో చాలాచోట్ల 2 నుంచి 4 శాతం, కొన్నిచోట్ల 13 శాతం దాకా మార్చాల్సి వచ్చింది. ఒక డిస్కు పోయిన కొద్దికాలానికే మరొకటి పోవడం కూడా లెక్కల్లో కనిపించింది. ఇప్పటి పరిస్థితి కొంత మెరుగు. 2013 నుంచి తన డిస్కుల లెక్కలు బయటపెడుతున్న బ్యాక్‌బ్లేజ్ సంస్థలో 2023లో 1.40 శాతం, 2024లో 1.57 శాతం పోయాయి. ఈ లెక్కన నాలుగు డిస్కుల పెట్టెలో ఏడాదిలో కనీసం ఒకటి పోయే అవకాశం ఆరు శాతం దగ్గర ఉంటుంది. ఐదేళ్లు నడపదలచినవాళ్లు ఒక డిస్కు మార్చక తప్పదనుకునే దిగాలి.

అయితే చచ్చిపోయిన డిస్కు మన శత్రువు కాదు. అది పోయిందని తెలుస్తుంది, మారుస్తాం. బతికే ఉండి తప్పు చెప్పే డిస్కుతోనే ప్రమాదం. 2008లో లక్ష్మీ బైరవసుందరం, సహ పరిశోధకులు నెట్‌యాప్ యంత్రాల్లోని 15.3 లక్షల డిస్కులను 41 నెలలపాటు గమనించిన ఫలితాలు ప్రచురించారు. డిస్కు ‘ఇదిగో నీ డేటా’ అని ఇచ్చిన బ్లాకు, రాసినప్పుడు లెక్కగట్టిన చెక్‌సమ్ అనే సరిచూపు సంఖ్యతో సరిపోని సందర్భాలు నాలుగు లక్షలు దాటాయి. ఏ ఎర్రర్ మెసేజీ లేదు, ఏ దీపం ఎర్రగా వెలగలేదు. పెళ్లి వీడియోలో ఒక ఫ్రేమ్ చెదరడం, పాత పద్దుల డేటాబేస్ ఏడాది తర్వాత తెరుచుకోకపోవడం ఇలాంటి చోటే మొదలవుతాయి.

మామూలు రెయిడ్ దీన్ని పట్టలేదు. రెండు డిస్కుల మిర్రర్‌లో రెండు కాపీలు వేర్వేరుగా కనిపిస్తే ఏది నిజమో తేల్చే ఆధారం దాని దగ్గర లేదు. ఈ లోటు తీర్చడానికే 2001లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్విక్, మాథ్యూ ఆరెన్స్ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మొదలుపెట్టారు. అది ప్రతి బ్లాకు చెక్‌సమ్‌ను ఆ బ్లాకు పక్కన కాకుండా, దాన్ని చూపించే పై బ్లాకులో దాస్తుంది. అందుకే చదివినప్పుడల్లా సరిచూడగలదు, తప్పు దొరికితే రెండో కాపీ నుంచి తెచ్చి సరిదిద్దగలదు. 2005లో సోర్సు బయటికొచ్చింది. సన్‌ను కొన్న ఒరాకిల్ 2010లో తలుపులు మూసినా, అప్పటికే బయటున్న కోడ్‌ను పట్టుకుని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల లినక్సు వైపు తెచ్చింది. ఆ ప్రయత్నంలో పుణెలోని కేక్యూ ఇన్ఫోటెక్ అనే చిన్న కంపెనీ 2010లోనే లినక్సు మీద ఫైల్‌సిస్టమ్‌ను నడిపి చూపించిందన్న సంగతి మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. 2013లో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ పేరుతో అందరూ ఒక గొడుగు కిందికొచ్చారు.

ఇది రోజువారీ పనిలో ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. నెలకోసారి స్క్రబ్ నడుపుతాం, అంటే పూల్‌లో (జెడ్‌ఎఫ్‌ఎస్ కలిపి వాడే డిస్కుల గుంపులో) ఉన్న ప్రతి బ్లాకూ చదివి సరిచూడమని చెప్పడం. తర్వాత ‘జెడ్‌పూల్ స్టేటస్’ కొడితే డిస్కుకొక వరుస, ఎదురుగా మూడు గడులు: రీడ్, రైట్, చెక్‌సమ్. అన్నీ సున్నాలైతే సరే. ఒక వరుసలో రీడ్ 0, రైట్ 0, చెక్‌సమ్ 14 అని వచ్చిందనుకోండి. చాలామంది వెంటనే కొత్త డిస్కు కొనడానికి పరుగెత్తుతారు. ఆగాలి. సర్వర్ ఆపి, ఆ డిస్కు కేబుల్‌ను పక్క డిస్కు కేబుల్‌తో మార్చి, లెక్కను సున్నా చేసి మళ్లీ స్క్రబ్ నడపాలి. తప్పులు డిస్కు వెంట వెళ్తే డిస్కుది దోషం, కేబుల్ వెంట వెళ్తే కేబుల్‌ది. రెండు వందల రూపాయల సాటా కేబుల్ వల్ల మంచి డిస్కులు చెత్తబుట్టలో పడుతుంటాయి. ఇంకో చిన్న పని: ప్రతి ట్రే ముందు డిస్కు సీరియల్ నంబరులో చివరి నాలుగు అంకెలు రాసి అతికించాలి. ఒకటి పాడైన రోజున కంగారులో పక్కనున్న మంచి డిస్కు లాగేసి, ఉన్న కాస్త రక్షణా పోగొట్టుకున్న కథలు ఈ రంగంలో ఎవరినడిగినా చెబుతారు.

నాలుగు డిస్కులుంటే ఎలా అమర్చాలి? 8 టెరాబైట్ల డిస్కులు నాలుగు జెడ్‌ఎఫ్‌ఎస్ సొంత రెయిడ్ పద్ధతి అయిన రెయిడ్‌జెడ్2లో పెడితే 16 టెరాబైట్లు వాడుకోవచ్చు, ఏ రెండు పోయినా డేటా ఉంటుంది. రెండు మిర్రర్ జతలుగా పెట్టినా అంతే జాగా. వేగం ఎక్కువ, కానీ ఒకే జతలో రెండూ పోతే అంతా పోయినట్టే. ఒక్క పారిటీ డిస్కుతో సరిపెట్టే రెయిడ్5 ఈ సైజు డిస్కులకు వద్దంటాను. కొత్త డిస్కులోకి 8 టెరాబైట్లు తిరిగి రాయడానికి సెకనుకు 180 మెగాబైట్లు నిరాఘాటంగా సాగినా పన్నెండు గంటలు పైనే. ఆ సమయమంతా మిగతా ముసలి డిస్కులు విశ్రాంతి లేకుండా తిరుగుతుంటాయి. ఉన్న రెయిడ్‌జెడ్‌కు డిస్కు కలపలేమన్న పాత ఫిర్యాదు 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3 వెర్షన్‌తో తీరింది.

జెడ్‌ఎఫ్‌ఎస్ ఒక్కటే దారి అనను. నీల్ బ్రౌన్ ఏళ్ల తరబడి పోషించిన లినక్సు ఎండీ రెయిడ్, దాని మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్, చాలా నిబ్బరమైన జోడీ. డేటాకు చెక్‌సమ్ లేని లోటును మంచి బ్యాకప్‌తో పూడ్చుకోవచ్చు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ వరకు బాగానే ఉంటుంది. దాని రెయిడ్5, 6 వాడొద్దని దాని సొంత పత్రాలే హెచ్చరిస్తున్నాయి, ఆ మాట వినాలి. టెర్మినల్ అంటే బెరుకున్నవాళ్లకు ట్రూనాస్, ఓపెన్‌మీడియావాల్ట్ బ్రౌజర్‌లోనే అంతా చూపిస్తాయి.

పెట్టె, కరెంటు, వాన

మణికొండలో ఈ అవసరం ఎవరికుంది? అపార్టుమెంటు ఫ్లాటులోనే ఆఫీసు పెట్టుకున్న స్టార్టప్‌లకు, సినిమా ఎడిటింగ్ గదులకు, డబ్బింగ్, గ్రాఫిక్స్ పనివాళ్లకు, పెళ్లి ఫొటోగ్రాఫర్లకు. రెండు మూడు కెమెరాలతో 4కే షూటింగ్ ఒకటి ముగిసేసరికి అర టెరాబైటు దాటడం మామూలే. ఎక్కువమంది దాన్ని బల్ల మీద పోర్టబుల్ డిస్కుల వరుసగా పేరుస్తారు. వాటి బదులు ఒక పాత వర్క్‌స్టేషన్, నాలుగు డిస్కులు పెట్టినా పరిస్థితి ఎంతో మారుతుంది.

సామాను కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లడం మన ఊరి ఆనవాయితీ. అక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, డిస్కు సీఎంఆరా, ఎస్‌ఎంఆరా అని. ఎస్‌ఎంఆర్ డిస్కులో ట్రాకులు ఒకదాని మీదొకటి పెంకుల్లా పరచి ఉంటాయి, అడ్డదిడ్డంగా రాయాల్సి వస్తే వేగం కుప్పకూలుతుంది. నాస్ కోసమే అమ్మే తన ‘రెడ్’ డిస్కుల్లో కొన్నిటిని చెప్పకుండా ఎస్‌ఎంఆర్‌కు మార్చినట్టు 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ ఒప్పుకోవాల్సి వచ్చింది. జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌లో రీబిల్డ్ మధ్యలో అవి చేతులెత్తేయడంతో వాడకందార్లే గుట్టు బయటపెట్టారు. నాలుగూ ఒకే పెట్టెలోవి కాకుండా వేర్వేరు తేదీల్లో తయారైనవి అడగండి. ఒకే బ్యాచ్ డిస్కులకు ఒకే జబ్బు ఉండొచ్చు. కొన్న డిస్కును రెండు మూడు రోజులు ‘బ్యాడ్‌బ్లాక్స్’తో మొదటి నుంచి చివరి దాకా రాసి చదివి, డిస్కు తనను తానే పరీక్షించుకునే స్మార్ట్ దీర్ఘ పరీక్ష చేసి, అప్పుడే డేటా పెట్టాలి. వాపసుకు గడువు ఉండగానే బలహీనమైనది బయటపడుతుంది. తన తప్పులు తానే సరిదిద్దుకునే ఈసీసీ ర్యామ్ దొరికితే పెట్టుకోండి. లేనంతమాత్రాన జెడ్‌ఎఫ్‌ఎస్ మొత్తం డేటాను మింగేస్తుందన్న ప్రచారం నమ్మక్కర్లేదు.

యూపీఎస్ విషయంలో మాత్రం రాజీ వద్దు. ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటారు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో సర్వర్ రీస్టార్ట్ కావచ్చు, అది బ్యాటరీ ఎంత మిగిలిందో సర్వర్‌కు చెప్పదు కూడా. యూఎస్‌బీ తీగ ఉన్న యూపీఎస్ అయితే నట్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం బ్యాటరీ అడుగంటేలోపే సర్వర్‌ను పద్ధతిగా ఆపేస్తుంది. ఇక చోటు: అద్దె కలిసొస్తుందని సెల్లార్‌లో పెట్టిన యంత్రాలకు 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన లాంటిది చాలు. ఆ వారం హైదరాబాద్ కాలనీల్లో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో ఇక్కడివాళ్లకు చెప్పనవసరం లేదు. గాలి ఆడే పై అంతస్తు గది మేలు.

నెట్‌వర్క్ గురించి కొద్ది మాటలు చాలు. విండోస్, మ్యాక్‌ల కోసం సాంబా, లినక్సు యంత్రాల మధ్య ఎన్‌ఎఫ్‌ఎస్. ఆండ్రూ ట్రిడ్జెల్ ఆస్ట్రేలియాలో విద్యార్థిగా మొదలుపెట్టిన సాంబా మూడు దశాబ్దాలుగా నిలబడింది. గిగాబిట్ తీగ మీద సెకనుకు 110 మెగాబైట్ల దాకా వస్తుంది. ఆఫీసు ఫైళ్లకు అది పుష్కలం. ఇద్దరు ఎడిటర్లు ఒకేసారి 4కే కోస్తుంటే 2.5 లేదా 10 గిగాబిట్ స్విచ్ పెట్టాల్సిందే.

క్లస్టర్ ఎవరికి?

ఐటీ కారిడార్‌లో పనిచేసే మిత్రులు ఇంటి సర్వర్ అనగానే, చాలా యంత్రాలను ఒకే స్టోరేజ్‌గా కలిపే సెఫ్ అంటారు. సేజ్ వైల్ శాంటాక్రూజ్‌లో డాక్టరేట్ కోసం చేసిన పని అది. 2014లో రెడ్‌హ్యాట్ ఆయన కంపెనీని 17.5 కోట్ల డాలర్లకు కొంది. సెర్న్ ప్రయోగశాల దాన్ని భారీ ఎత్తున నడుపుతోంది. గొప్ప సాఫ్ట్‌వేర్, సందేహం లేదు. అయితే కనీసం మూడు యంత్రాలు, వేగమైన నెట్‌వర్క్, అర్ధరాత్రి లేచి చూడగల మనిషి దానికి కావాలి. పదిమంది ఆఫీసుకు అది రక్షణ కంటే ఎక్కువ భారం. ఆ డబ్బుతో రెండు మామూలు సర్వర్లు కొని, ఒకటి ఇక్కడ, ఒకటి వేరే ఊళ్లో పెట్టుకోమంటాను.

దీనికి ఇంకో కారణం ఉంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకూ ఆయుష్షు ఉంటుంది. సెఫ్ లాగే యంత్రాలను కలిపే గ్లస్టర్‌ను ఆనంద్‌బాబు పెరియసామి మొదలుపెట్టారు. దాన్ని 2011లో రెడ్‌హ్యాట్ 13.6 కోట్ల డాలర్లకు కొని, 2024 డిసెంబరుతో తన గ్లస్టర్ ఉత్పత్తికి మద్దతు ముగించింది. ఆయనే తర్వాత కట్టిన స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ మినిఐఓ 2021లో అపాచీ లైసెన్సు వదిలి ఏజీపీఎల్‌కు మారింది, 2025లో ఉచిత వెర్షన్ నుంచి నిర్వహణ తెరలను తీసేసింది. లినక్సు కెర్నెల్‌లోకి 2024 జనవరిలో చేరిన బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మరుసటి ఏడాదే బయటికి పోవాల్సి వచ్చింది. సోర్సు చేతిలో ఉన్నంతమాత్రాన దాన్ని పోషించే మనుషులు ఎల్లకాలం ఉంటారనుకోలేం.

కాబట్టి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఇది: రేపు ఈ ప్రాజెక్టు ఆగిపోతే ఫైలు చదవగలమా? గ్లస్టర్‌లో రెప్లికా పద్ధతి వాడినవాళ్లకు ఫైళ్లు డిస్కుల మీద మామూలు ఫైళ్లుగానే ఉన్నాయి, గ్లస్టర్ లేకుండానే తీసుకోవచ్చు. ఎండీ రెయిడ్ డిస్కుల్ని ఏ లినక్సు యంత్రానికి తగిలించినా గుర్తుపడుతుంది. ఫ్రీబీఎస్‌డీ మీద కట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌ను ఉబుంటులో తెరవొచ్చు, ఫీచర్ల వెర్షన్ ఒకటి చూసుకుంటే చాలు. సెఫ్, మినిఐఓ ముక్కలు చేసి దాచిన డేటా అలా కాదు, ఆ సాఫ్ట్‌వేర్ నడిస్తేనే ఫైలు. చిన్న సంస్థలు ధరల పట్టికతో పాటు ఈ తేడానూ చూసే నిర్ణయించుకోవాలి.

చదవగలగడమంటే వెతికి పట్టుకోగలగడం కూడా. డీఎల్ఐ నుంచి వచ్చిన చాలా తెలుగు పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో గుర్తుపట్టరానంతగా చెడిపోయి ఉన్నాయి. ఫైలు భద్రంగా ఉంది, పేరు మాత్రం పోయింది. తెలుగు వికీపీడియన్లు కూర్చుని జాబితాలు తయారుచేస్తే గానీ ఎన్నో పుస్తకాలు పాఠకుడికి దొరకలేదు. సర్వర్‌లో ఫోల్డర్ల పేర్లు, తేదీలు, ఎవరి పని అన్న వివరం ఒక సాదా టెక్స్టు ఫైలులో పక్కనే ఉంచడం డిస్కు అమరికంత ముఖ్యం.

రెండో కాపీ

రెయిడ్ బ్యాకప్ కాదని అందరూ అంటారు, కొందరే ఆచరిస్తారు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రం తగలబడితే ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు పోయాయి, బయట కాపీ లేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాక చూసుకుంటే, పెట్టుకున్న ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ సవ్యంగా అక్కరకు రాలేదు. ఎవరో అంతకు ఆరు గంటల ముందు చేతితో తీసిన స్నాప్‌షాట్, అంటే ఆ క్షణపు నకలు, ఆదుకుంది. జరిగినదంతా ఆ సంస్థ బాహాటంగా రాసి పెట్టింది. ఈ రంగంలోకి వచ్చే ప్రతి కుర్రవాడూ చదవాల్సిన పత్రమది.

ఇక దాడులు. 2017 మే నెలలో వానక్రై రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. నాస్ పెట్టెల్నే వెతికి పట్టే డెడ్‌బోల్ట్ 2022 జనవరిలో క్యూనాప్ వాడకందార్లను దెబ్బకొట్టింది. సర్వర్ పేజీని ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకపోవడం మొదటి జాగ్రత్త. బయటి నుంచి అవసరమైతే వైర్‌గార్డ్ వీపీఎన్ సొరంగం చాలు. గంటకోసారి స్నాప్‌షాట్ తీస్తుంటే, విండోస్ కంప్యూటర్‌లోకి దూరిన వైరస్ షేర్‌లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసినా, గంట క్రితం రూపం వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డే చేజిక్కితే స్నాప్‌షాట్లనూ చెరిపేస్తారు. అందుకే రెండో సర్వర్ తానే వచ్చి మొదటిదాని నుంచి లాక్కోవాలి. మొదటిదానికి రెండోదాని తాళాలు తెలియకూడదు.

ఎక్కడ పెట్టాలన్నదానికి మణికొండ జనానికి సహజమైన జవాబు ఒకటుంది. ఇక్కడున్నవాళ్లలో చాలామందికి ఖమ్మంలోనో గుంటూరులోనో కరీంనగర్‌లోనో సొంతిల్లు, అక్కడ ఫైబర్ కనెక్షన్ ఉన్నాయి. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్‌కు హైదరాబాద్ రీజియన్ తెరిచింది కాబట్టి క్లౌడ్ కూడా పక్కనే ఉంది. అయితే ఒకే ఊళ్లోని రెండు కాపీలకు ఊరి కష్టం ఒక్కటే. వంద మెగాబిట్ల అప్‌లోడ్‌తో 4 టెరాబైట్లు పంపడానికి దాదాపు నాలుగు రోజులు పడుతుంది. మొదటి కాపీని డిస్కులోనే సంచిలో వేసుకుని సంక్రాంతికి ఊరికి పట్టుకెళ్లి, ఆ తర్వాత మారిన బ్లాకులు మాత్రమే ‘జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్’తో రాత్రిళ్లు పంపడం సులువు. 2019లో వచ్చిన జెడ్‌ఎఫ్‌ఎస్ 0.8 వెర్షన్ నుంచి తాళం వేసిన డేటాను తాళం తీయకుండానే పంపే వీలుంది. ఊళ్లో పెట్టెను ఎవరు ఎత్తుకుపోయినా మీ కస్టమర్ల ఫొటోలు వాళ్లకు దొరకవు.

ఆ తాళం మాట, పూల్ పేరు, డిస్కుల సీరియల్ నంబర్లు, పూల్ తెరిచే నాలుగు కమాండ్లు ఒక కాగితం మీద రాసి, ఇంట్లో మరొకరి దగ్గర ఉంచాలి. మూడు నెలలకోసారి ఆ మనిషినే కూర్చోబెట్టి, రెండో సర్వర్ నుంచి ఏదో ఒక ఫోల్డర్ వెనక్కి తెప్పించి, వీడియో చివరిదాకా ఆడుతుందో లేదో చూడమనాలి. వాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ కాగితం మీద ఇంకో వాక్యం రాయాలి. అమీర్‌పేటలో లినక్సు కోర్సు చేసినవాళ్లే కాదు, గచ్చిబౌలిలో స్వేచ్ఛ సంస్థ వంటి చోట్ల ఈ పని ఉచితంగా నేర్చుకునే విద్యార్థులూ మన చుట్టూ ఉన్నారు. అలాంటి ఒకరికి నెలకు కొంత ఇచ్చి స్క్రబ్ ఫలితాలు చూడమని అప్పగించినా, ఆ ఖర్చు ఒక కొత్త డిస్కు ధర దాటదు.